మూసుకోని ముగ్గు

మా ఆయన దృష్టిలో లోకంలో ఏది ఆగిపోయినా దానికి కారణం ఒక్కటే ఉంటుంది. తిరువూరులో ఇంటిని ఆనుకునే మాకు వడ్ల మిల్లు ఉంది. ఇంజను ఆగిపోతే ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, అరచెయ్యి దాని మీద ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటారు. తర్వాత కళ్ళు తెరిచి "ఇదుగో, ఇక్కడ" అంటారు. జబ్బు సరిగ్గా అక్కడే ఉంటుంది. బోల్టు వదులైతే బిగిస్తారు, బెల్టు తెగితే కుట్టిస్తారు, ఇంజను మళ్ళీ టుకటుకమని మొదలెడుతుంది. కాశీవిశ్వనాథంగారి చెయ్యి పడితే యంత్రం నిజం చెప్పేస్తుందని ఊళ్ళో అంటారు. నేనూ కాదనను. ఆ చేతిని చూస్తే నాకూ గర్వమే.

చిక్కల్లా, ఆయన ఆ చెయ్యి అన్నిటి మీదా ఆనించబోతారు. పప్పు ఉడక్కపోతే కారణం ఏంటి? అత్తయ్యకి నిద్ర పట్టకపోతే కారణం ఏంటి? "ఒక్కటి చెప్పు పరమేశ్వరీ, ఒక్కటి" అని చూపుడువేలు ఎత్తి నిలబడతారు. ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముసలావిడకి నిద్ర పట్టకపోవటానికి ఆవిడ బతుకంతా కారణమే. అందులోంచి ఒక్కటి పీకి ఆయన చేతిలో ఎలా పెట్టను?

ఆ ఏడు మాఘమాసంలో ఆ వేలు నా మామిడితోట మీదికి లేచింది.

తోట పెనుగొలను దారిలో ఉంది. మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. పేరు నాది, పెత్తనం మా ఆయనది. మా ఇళ్ళల్లో అది మామూలే. చిన్నరసాలు, పెద్దరసాలు, బావి పక్కన కొన్ని కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్లు. రెండేళ్ళుగా తోట కాయటం మానేసింది. పూత మాత్రం విరగబూస్తుంది. ఆకు కనపడనంత పూస్తుంది. తర్వాత ఆ పూతకి జిగురు పడుతుంది, జిగురు మీద మసి పడుతుంది, అంతా నల్లబడి రాలిపోతుంది. మూడో ఏడూ అలాగే మొదలయ్యేసరికి ఆయన తీర్మానం చేసేశారు. గంపలగూడెం ఆదిశేషయ్యగారు మిరప వేసుకోవటానికి ఆ నేల కౌలుకి అడుగుతున్నారు. మిల్లులో వడ్లు ఉడకబెట్టటానికి కట్టెలు ఎటూ కావాలి.

"శివరాత్రి దాకా ఆగుతా" అన్నారు. "ఎందుకు కాయట్లేదో ఒక్క కారణం చెప్పు. బాగుచేయించే పూచీ నాది. చెప్పలేకపోతే పండగ మర్నాడు కట్టెల అడితి వాళ్ళు గొడ్డళ్ళతో దిగుతారు."

ఆ మాట నాతో కాదు, మా తమ్ముడితో అన్నారు. తమ్ముడు వెంకటకృష్ణారావు బెజవాడ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. కామెర్లు వచ్చి తగ్గాయి. సెలవు పెట్టి, చప్పిడి పత్యం తింటూ, బలం పుంజుకోవటానికి మా ఇంట్లో ఉన్నాడు. పురుగూ పుట్రా చదువుకున్నవాడు కాబట్టి తోట మీద చెయ్యి ఆనించి "ఇదుగో, ఇక్కడ" అనగలడని మా ఆయన లెక్క.

నా సంగతి కూడా చెప్పాలి. మాకు పిల్లలు లేరు. పేరంటాల్లో నాకు బొట్టు పెట్టబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగి మరీ వస్తుంది. ఆ క్షణం అలవాటైపోయిందని అందరితో చెబుతాను గానీ, అబద్ధం, అలవాటు కాలేదు. తోటలో ఆ క్షణం లేదు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. నీడలో కూచుంటే ఒంట్లో గట్టిపడ్డదేదో నెమ్మదిగా సడలుతుంది. ఆ తోట నాకు ప్రాణం. అది పోతే నేను ఎక్కడ కూచోవాలో నాకు తెలీదు.

రోజూ తెల్లారగానే గూడుబండి కట్టించుకుని నేనూ తమ్ముడూ తోటకి వెళ్ళేవాళ్ళం. మాఘమాసం మంచు ఇంకా విడిచేది కాదు. బండి ఎటు పోతోందో కనపడేది కాదు, పూతవాసన మాత్రం ముందుగా ఎదురొచ్చేది. ఆ తియ్యటి, కాస్త మత్తుగా ఉండే వాసనలోకి బండి మునిగినట్టు దిగేది. ఎద్దు కూడా అక్కడికొచ్చేసరికి నడక తగ్గించేది.

తమ్ముడు చెట్టు కింద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు. కామెర్లు తగ్గినా కళ్ళల్లో పచ్చదనం ఇంకా కాస్త ఉంది. భూతద్దం ఒకటి గుండెల మీద పెట్టుకుని పైకి చూస్తూ ఉండేవాడు. నేను మొదలుకి ఆనుకుని పూలు కట్టుకుంటూ, మధ్యమధ్య కునుకు తీస్తూ ఉండేదాన్ని. మంచు కరిగేకొద్దీ చెట్టు నిండా సన్నటి జుమ్మనే శబ్దం మొదలయ్యేది. ఎక్కడినుంచి అని వెతికితే ఎక్కడా ఉండదు, వినటం మానేస్తే అన్నిచోట్లా ఉంటుంది. నిద్రలోకి జారుతుంటే ఆ శబ్దం నా చెవుల్లోంచే వస్తోందా అనిపించేది.

"దొరికిందక్కా!" అని మూడోరోజే లేచి కూచున్నాడు. భూతద్దం నాకిచ్చి పూత కంకి వంచాడు. గోధుమరంగు పురుగులు, బియ్యపు నూకంత, కంకి నిండా అతుక్కుని ఉన్నాయి. చెయ్యి దగ్గరికి పోనిస్తే ఒక్కసారి టపటపా ఎగిరాయి. "తేనెమంచు పురుగు. పూతలో పాలు పీల్చేస్తుంది. అది కార్చే తియ్యటి జిగురే ఈ తడి. జిగురు మీద పెరిగే బూజే ఈ మసి."

భోజనాల దగ్గర మా ఆయన అది విని తొడ చరిచారు. "అదీ! పోయినేడు మలేరియా వాళ్ళు ఇళ్ళల్లో డీడీటీ కొట్టారు చూడు, దెబ్బకి దోమా ఈగా అన్నీ పోయినయ్యి. ఆ పొడి తెప్పించి తోటంతా కొట్టిద్దాం. ఇంతేగా?"

తమ్ముడు అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. "ఒక్క నాలుగు రోజులు ఆగండి బావా. ఆ పురుగు ముందు కూడా ఉండేదిగా? తోట కాసిన రోజుల్లోనూ ఉండే ఉంటుంది. ఇప్పుడే ఎందుకు పెరిగిందో చూస్తా."

"కారణానికి మళ్ళీ కారణమా?" అని ఆయన నవ్వారు. అత్తయ్య కనకమ్మగారు మాత్రం నవ్వలేదు. "దానికంత చదువెందుకు? నరదిష్టి. రోడ్డున పోయేవాడల్లా ఆ పూత చూసి నోరు తెరుస్తున్నాడు" అన్నారు. ఆవిడకీ కారణం ఒక్కటే. కొడుకు ఎవరి పోలికో అక్కడే తెలుస్తుంది.

నాలుగు రోజులూ గడిచాయి. తమ్ముడికి రోజుకొకటి కనపడుతోంది గానీ ఏదీ చివరిది కావటం లేదు. ఆ పురుగుని సాలీడు తింటుంది. సాలీడుని కందిరీగ ఎత్తుకుపోయి గూట్లో పిల్లకి మేతగా పెడుతుంది. జిగురు కోసం చీమలు వస్తాయి. చీమలున్న కొమ్మ మీద సాలీళ్ళు తక్కువ, కానీ ఆకు కొరికే గొంగళిపురుగులు కూడా తక్కువ. మరి చీమ మంచిదా చెడ్డదా అని నేనడిగితే, "ఏ కొమ్మ మీద అక్కా?" అని ఎదురడిగాడు. నాకు కోపం వచ్చింది. నాకు కావలసింది ఒక్క మాట, వాడు నాకు ఒక ఊరంత జనాన్ని తెచ్చి చూపిస్తున్నాడు.

"నోటితో చెబితే నా బుర్రలో నిలవదు. ముగ్గు వేస్తా, నువ్వు చెప్పు" అన్నాను.

మెలికల ముగ్గులో నన్ను మించినవాళ్ళు తిరువూరులో లేరని నేనే చెప్పుకోవాలి, వేరేవాళ్ళు చెప్పరు కాబట్టి. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతని తిప్పుకుంటూ పోవాలి. ఎక్కడ మొదలుపెట్టామో గీత తిరిగి అక్కడికే వచ్చి కలవాలి. మధ్యలో తెరిచి వదిలేస్తే ఇంటికి మంచిది కాదని మా అమ్మ చేతి మీద కొట్టి మరీ నేర్పింది. నేను ఇంతవరకు ఒక్క ముగ్గు కూడా తెరిచి వదల్లేదు.

మిల్లు వెనక పాత గచ్చు ఒకటుంది. కొత్త గచ్చు వేయించాక వడ్లు అటే ఎండబోస్తున్నారు, ఇది ఊరికే పడి ఉంది. సాయంత్రం దాన్ని ఊడ్చి, నీళ్ళు చల్లి, బియ్యప్పిండి పళ్ళెంతో కూచున్నాను. తమ్ముడు పేర్లు చెబుతుంటే చుక్కలు పెట్టాను. ఎవరు ఎవర్ని తింటారో చెబుతుంటే గీత తిప్పాను. ముగ్గు ఎక్కడ మూసుకుంటే అక్కడ కారణం దొరుకుతుందని ఇద్దరం గట్టిగా నమ్మాం.

మొదటి సాయంత్రం అది చాపంత ఉంది. తర్వాత మంచమంత అయింది. ఆ తర్వాత గచ్చు సగం దాటింది. తొండకి చుక్క, గోరింకకి చుక్క, ఉడతకి చుక్క. ఒకరోజు తమ్ముడు ఈగల పేరెత్తాడు.

"ఈగలా?" అని నేను మొహం చిట్లించాను.

"మామిడిపూతకి తేనెటీగ కంటే ఈగే పెద్ద చుట్టం అక్కా. ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి మోసేది ఎక్కువగా అదే. అది వాలకపోతే పిందె కట్టదు. నువ్వు నిద్రపోతూ వినే ఆ జుమ్మనేది సగం వాటి పాటే."

పాట అనటం విడ్డూరంగా అనిపించింది గానీ చుక్క పెట్టాను. ఈగ పుట్టేది పేడలో, కుళ్ళిన ఆకులో. అయితే పేడకి చుక్క. పేడ కావాలంటే గొడ్లు తోటలోకి రావాలి. రెండేళ్ళ కింద కంచె వేయించాక గొడ్లు రావటం లేదు. అయితే కంచెకి చుక్క. కంచె అంతకుముందు ఎందుకు లేదు? దొంగల భయం లేదు కాబట్టి. అయితే దొంగలకి చుక్క పెట్టాలా? ఆ ఏడు మంచు ఎక్కువ కురిసింది, మంచుకి పురుగు పెరుగుతుంది. మంచుకి చుక్క. మంచు విడవాలంటే తూర్పుగాలి వీచాలి.

"గాలికి చుక్క ఎక్కడ పెట్టనురా?" అని పిండి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వాడు గచ్చంతా ఒకసారి కలయజూశాడు. "అన్ని చుక్కల మధ్యా ఉన్న ఖాళీ అంతా అదే అనుకోవాలేమో" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ సాయంత్రం ఇంక ముగ్గు వెయ్యలేకపోయాను. తెల్లటి గీతల కంటే వాటి మధ్య నల్లటి గచ్చే పెద్దగా కనపడటం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న గచ్చు మీదికి వెళ్ళేసరికి తమ్ముడు మోకాళ్ళ మీద కూచుని నేల మీదికి వంగి ఉన్నాడు. చీమలు బారులు కట్టి ముగ్గుని మోసుకుపోతున్నాయి. పిచ్చుకలు ఒక మూల కంచెని తినేశాయి. ఉడత తొండ చుక్క మీద కూచుని మూతి తుడుచుకుంటోంది.

"అక్కా, చీమ చుక్కని చీమే ఎత్తుకుపోతోంది" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. "మనం వీటి బొమ్మ గీస్తున్నామనుకున్నాం. ఇవి మనం మేత పెడుతున్నామనుకున్నాయి."

"బియ్యప్పిండి ముగ్గు అందుకేగా వేసేది" అన్నాను. ప్రతి ఇంటి ముందూ జరిగేదే. కానీ వాడి పక్కన కూచుని చూస్తుంటే నాకూ ఏదోలా అయింది. గీతలు వాటంతట అవే కదులుతున్నట్టుంది. తోట గచ్చు మీదికి వచ్చిందో, మేమే ముగ్గులోకి దిగామో చెప్పలేను. ఎండ ఎక్కేదాకా అలాగే కూచున్నాం. మిల్లు ఇంజను టుకటుకలు కూడా ఆ పొద్దున ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వినిపించాయి.

"ఇందులో నీకూ ఒక చుక్క ఉండాలక్కా. నాకూ ఉండాలి. చూస్తున్నవాళ్ళం బయటెక్కడో లేం" అన్నాడు తమ్ముడు.

పిండి తీసుకుని ఒక పక్కగా నా చుక్క పెట్టాను. ఎన్నో గీతలు దాని దాకా వచ్చాయి. నేను తినే పండు, నేను తాగే బావినీళ్ళు, నేను కూచునే నీడ. దానిలోంచి బయటికి ఏ గీత తియ్యాలో నాకు తోచలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. తమ్ముడు ఏమీ అడగలేదు, అందుకు వాడికి రుణపడి ఉంటాను.

అలా శివరాత్రి దగ్గర పడింది. ముగ్గు గచ్చంతా నిండి, గోడ దాకా వచ్చింది, మూసుకోలేదు. పూత మీద మసి మొదలైంది. తమ్ముడి మొహంలో నెత్తురు పుంజుకుంది గానీ హుషారు పోయింది. ఒకరోజు బండిలో వస్తుంటే నెమ్మదిగా అన్నాడు. "అక్కా, బావతో తేనెమంచు పురుగనే చెప్పేస్తా."

"అది నిజమా?"

"నిజంలో ఒక ముక్క."

"ఆ ముక్క ఒక్కటే చెబితే ఏమవుతుంది?"

"పొడి కొట్టిస్తాడు. పురుగు చస్తుంది. సాలీళ్ళూ చస్తాయి, ఈగలూ చస్తాయి. మళ్ళీ పురుగే ముందు తేరుకుంటే దాన్ని తినటానికి ఎవరూ ఉండరు. ఏమో, అలా జరక్కపోవచ్చు కూడా. నాకు తెలీదు. కానీ గొడ్డలి మాత్రం రాదు. నీ చెట్లు నీకుంటాయి."

వాడు నాకోసమే అంటున్నాడు. అబద్ధం ఆడటం ఎరగనివాడు, తెలీనిది తెలిసినట్టు చెప్పటానికి సిద్ధపడ్డాడు. నాకు వాడి మీద ప్రేమ పొంగింది, ఆశ కూడా పుట్టింది. ఒక్క మాట చాలు. ఆయన వేలు దిగుతుంది, చెట్లు నిలుస్తాయి. ఇంతకంటే నాకేం కావాలి?

ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే మళ్ళీ తోటకి వెళ్ళాను. ఎండ ఆకుల సందుల్లోంచి నాణేల్లా పడుతోంది. పడుకుని కళ్ళు మూసుకున్నాను. జుమ్మనే శబ్దం వచ్చి నన్ను ఎత్తుకుంది. ఇది వరకు అది ఊరికే ఒక శబ్దం. ఇప్పుడు అందులో ఎవరెవరున్నారో నాకు తెలుసు. ఈగ, కందిరీగ, ఆకు చాటున ఆకలిగా కూచున్న సాలీడు, ఎగిరి పడే ఆ పాడు పురుగు కూడా. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఎవరికీ తోట సంగతి తెలీదు, అయినా తోట వాళ్ళ వల్లే ఉంది. పొడి కొట్టాక ఇక్కడ పడుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. చెట్లుంటాయి, నీడుంటుంది, చప్పుడుండదు. కట్టెలైపోయిన తోట కంటే ఆ తోట నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇంటికి వెళ్ళి తమ్ముడితో "తెలీదనే చెప్పు" అన్నాను.

"మరి ముగ్గు?"

"తెరిచే ఉండనీ. అమ్మ చెయ్యి కొట్టటానికి లేదుగా" అన్నాను.

శివరాత్రి ముందురోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. కాళ్ళు కడుక్కుని వసారాలో నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వేలెత్తారు. "ఏమోయ్ బావమరిదీ. ఒక్కటి."

"తెలీదు బావా."

"తెలీదా?"

"తెలిసినవి చాలా ఉన్నయ్యి. ఒక్కటి మాత్రం లేదు."

"ఇన్నాళ్ళు తోటలో వెల్లకిలా పడుకుంది ఇందుకా? మీ అక్క ఇంట్లో పిండంతా చీమల పాలు చేసింది ఇందుకా?" ఆయనకి కోపం కంటే నిరాశ ఎక్కువగా ఉంది. నిజంగానే ఆయన కారణం కోసం ఎదురుచూశారు. బాగుచేయించాలనే ఆయన కోరిక. "సరే. అనుకున్నట్టే కానిద్దాం. అడితికి కబురు చేస్తా."

నేను వంటింటి గడప దాటి వచ్చాను. "ఏవండీ, నేనొకటి అడుగుతా. మీరూ ఒక్కటే చెప్పాలి."

"అడుగు."

"నూజివీడు సంబంధం వచ్చింది గుర్తుందా? పిల్లలు లేరని, అత్తయ్య జాతకాలు కూడా చూపించారు. మీరు మళ్ళీ పెళ్ళెందుకు చేసుకోలేదు?"

వసారా చివర అత్తయ్య వక్క కత్తిరిస్తున్నారు. ఆ చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు తల దించుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో నా నోట ఎప్పుడూ రాలేదు. నా గాయాన్ని నేనే బయటపెట్టి వాదనకి వాడుకుంటున్నందుకు నాకు సిగ్గుగా ఉంది, అలా వాడుకునే గతి పట్టించినందుకు ఆయన మీద మంటగా కూడా ఉంది.

"ఇప్పుడదేం ప్రశ్న?" అన్నారు ఆయన.

"ఒక్కటి చెప్పండి."

"అప్పుడు మిల్లు కొత్త. ఊపిరాడేది కాదు."

"మిల్లు కుదుటపడ్డాక కూడా వాళ్ళు మనిషిని పంపారు."

"మీ నాన్న మొహం చూసి ఒప్పుకోలేకపోయా."

"నాన్న పోయాక కూడా అడిగారు."

"ఇద్దరాడవాళ్ళ మధ్య నలగటం ఎవడి వల్ల అవుతుంది?"

"మీ స్నేహితుడు రామలింగేశ్వరరావుగారి వల్ల అవుతోందిగా. ఇద్దరితోనూ లావెక్కారు."

తమ్ముడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆయన నవ్వలేదు. తువ్వాలు భుజం మీద వేసుకున్నారు, తీశారు, మళ్ళీ వేసుకున్నారు. "నువ్వు పెట్టే పులుసు..." అని మొదలెట్టి అది కూడా వదిలేశారు. ఇంజను పక్కన నిలబడి జబ్బు ఎక్కడో దొరకని మనిషిలా ఉన్నారు. ఆయన్ని అలా నేను ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు ఇంజను చప్పుడు వింటూ నిద్రపోతావు" అన్నారు చివరికి, నేలకేసి చూస్తూ. "కాపురానికొచ్చిన కొత్తల్లో అనుకున్నా, ఈ రొదలో ఈ పిల్ల ఎట్లా ఉంటుందా అని. రెండోరోజుకే నిద్రపోయావు. ఇంకొకళ్ళైతే..." ఆగిపోయారు.

"అదేనా కారణం?" అన్నాను.

"కాదు." తువ్వాలు దండెం మీద వేశారు. "ఏమో. తెలీదు."

"ఒక్క కారణమూ లేకుండానే నన్ను ఉండనిచ్చారు."

"ఉండనివ్వటమేంటి?" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "ఇల్లు నీది కాదా?"

"తోట నాది కాదా?"

అడకత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది, నెమ్మదిగా. ఆయన కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఎండలోకి వెళ్ళారు. గేటు దగ్గర మిల్లు కూలీ బసవపున్నయ్యని కేకేసి, "అడితికెళ్ళి చెప్పు, మనుషుల్ని పంపొద్దని" అనటం మా అందరికీ వినిపించింది. ఆ ఏడూ తోట కాయలేదు. అది చెప్పి తీరాలి, లేకపోతే నేనేదో గెలిచానని అనుకుంటారు.

ఆయన తిరిగొచ్చి పీట మీద కూచున్నారు. తమ్ముడు పత్యం అన్నం ముందే తినేసి గదిలోకి వెళ్ళాడు. నేను వడ్డించాను. ఆయన పప్పన్నం కలిపారు గానీ తినలేదు. ముద్దని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరుపుతున్నారు.

"అప్పట్లో గుంటూరు లేడీ డాక్టరు మనిద్దర్నీ రమ్మంది" అన్నారు, నా వైపు చూడకుండా. "నువ్వు రెండుమూడు సార్లు అడిగావు. మిల్లులో పనుందన్నాను."

"అవును." ఆ జవాబు నాకు బాగా గుర్తుంది. ఈ మనిషికి నా బాధ కంటే వడ్ల బస్తాలే ఎక్కువ అని ఎన్నేళ్ళు ఏడ్చానో నాకే తెలుసు.

"పనేం లేదు. వెళితే ఆవిడ కారణం చెప్పేది. డాక్టర్లు కదా, ఏదో ఒక్కటి తేల్చేవాళ్ళు. అది నీలోనన్నా ఉండేది, నాలోనన్నా ఉండేది." ముద్ద వదిలేశారు. "నీదైతే ఈ ఇంట్లో నిన్ను బతకనిచ్చేవాళ్ళు కాదు. నాదైతే నీ మొహం నేను చూడలేకపోయేవాణ్ణి. తేలకపోతే ఇద్దరిదీనూ. అందుకని వెళ్ళలేదు."

అన్నిటికీ ఒక్క కారణం కావాలని వేలెత్తే మనిషి, దీన్ని మాత్రం ఇన్నేళ్ళు తెలుసుకోకుండా కాపాడుకుంటూ వచ్చాడు. ఆయన మీద ఉన్న పాత కోపమంతా ఒక్కసారి ఎటు పోవాలో తెలీక నా కళ్ళల్లోంచి వచ్చేసింది.

మా ఇళ్ళల్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు తింటారు. ఆ పూట నేను ఇంకో విస్తరి తెచ్చి ఆయన పక్కనే వేసుకుని కూచున్నాను. అత్తయ్య లోపలికి వచ్చి మమ్మల్ని చూశారు. వంగి, నేతిగిన్నె నా విస్తరి దగ్గరికి జరిపి వెళ్ళిపోయారు.